ఉక్కుకు పూర్వజన్మ

1984 జనవరి 16న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఇనుప కడ్డీల లోడుతో వెళుతున్న ఒక లారీ దారి తప్పింది. తప్పి తప్పి అది చేరింది లాస్ అలమోస్ ప్రయోగశాల దగ్గరికి, అంటే అణుబాంబు పుట్టింటికి. అక్కడ రేడియేషన్‌ను పసిగట్టే పరికరాలు ఉంటాయి. అలారం మోగింది. లారీలో ఉన్నవి ఇళ్ళ స్లాబుల్లో వేసే మామూలు కడ్డీలే.

ఆ కడ్డీల జాడ వెనక్కి పట్టుకుంటూ పోతే అది మెక్సికో సరిహద్దు పట్టణం సియుదాద్ హువారెస్‌లోని ఒక పాత ఇనుము కొట్టులో తేలింది. అక్కడి ప్రైవేటు ఆసుపత్రి ఒకటి 1977లో క్యాన్సర్ చికిత్స యంత్రాన్ని కొని, నడిపే మనిషి లేక గోదాములో పడేసింది. 1983 చివర్లో అది తుక్కు కింద అమ్ముడుపోయింది. యంత్రం గుండెలో మిల్లీమీటరంత సైజు కోబాల్ట్-60 గుళికలు ఆరు వేలకు పైగా ఉన్నాయి. అవి తుక్కులో కలిసి, కొలిమిలో కరిగి, కొన్ని కడ్డీలుగానూ కొన్ని టేబుల్ కాళ్ళుగానూ మారి, మెక్సికోలోనూ అమెరికాలోనూ మామూలు సరుకులా అమ్ముడయ్యాయి. ఆ తర్వాత మెక్సికో ప్రభుత్వం వేల కట్టడాలను తనిఖీ చేసి, ఎనిమిది వందలకు పైగా ఇళ్ళను పూర్తిగానో కొంతమేరకో కూల్చాల్సి వచ్చింది.

కడ్డీలో యంత్రం ఆకారం లేదు, యంత్రం పేరు లేదు, దాన్ని అమ్మిన మనిషి వేలిముద్ర లేదు. అయినా యంత్రం తాలూకు చరిత్ర ఒక ముసలమ్మ పడకగది గోడలోకి వచ్చి కూర్చోగలిగింది. ఉక్కు పరిశ్రమ దీన్ని నాణ్యత సమస్య అంటుంది. మన దర్శనాలకు ఇది చాలా పాత తగవు. రూపమంతా పోయాక కూడా ‘ఇది అదే’ అనడానికి ఆధారం ఏమిటి? ఒకచోట చేసిన పని ఫలం ఇంకొకచోట ఎవరిని పట్టుకుంటుంది?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మూడు ఉదాహరణలు చెబుతాడు. మట్టిముద్ద ఒకటి తెలిస్తే మట్టి వస్తువులన్నీ తెలిసినట్టే. బంగారు ముద్దా అంతే. మూడోది గోళ్ళు తీసుకునే ఇనుప పనిముట్టు. ఉపన్యాసాల్లో మొదటి రెండూ తరచూ వినిపిస్తాయి గానీ మూడోదాన్ని ఎందుకో దాటేస్తారు. అన్నీ ఇనుమే, మిగతా తేడాలన్నీ పేర్లే అన్నది ఉద్దాలకుడి మాట.

స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేసే కెమిస్టు ఈ మాటకు సగమే తలూపుతాడు. విశాఖ ఉక్కు కర్మాగారాన్నే తీసుకుందాం. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. వాటిలోంచి వచ్చిన ద్రవ ఇనుమును కన్వర్టర్‌లో పోసి ఆక్సిజన్ ఊదితే కర్బనం తగ్గి ఉక్కవుతుంది. ఒక్క దఫాకు సుమారు 150 టన్నులు. ఆ దఫాకు ‘హీట్’ అని పేరు, దానికో నంబరు. లాడిల్ అనే పెద్ద పాత్రలో సలసల మరుగుతున్న ఆ మొత్తంలోంచి పిల్లలు చప్పరించే లాలీపాప్ ఆకారంలో ఓ చిన్న నమూనా తీసి స్పెక్ట్రోమీటర్ కింద పెడతారు. నిమిషాల్లో కర్బనం ఇంత, మాంగనీసు ఇంత, గంధకం, భాస్వరం ఇంతింత అని లెక్క వస్తుంది. అరచేతిలో పట్టే ఆ ముక్క చెప్పిందే 150 టన్నులకూ సాక్ష్యం.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి మెతుకు పట్టుకోవడమే ఇది. శాస్త్రంలో స్థాలీపులాక న్యాయం అంటారు. ఈ న్యాయం చెప్పేటప్పుడు అందరి దృష్టీ మెతుకు మీదే ఉంటుంది; కిటుకంతా కుండలో ఉంది. మెతుకు తన కుండ గురించే చెప్పగలదు, పక్క పొయ్యి మీది కుండ సంగతి దానికి తెలియదు. ఉద్దాలకుడి లెక్కలో ప్రపంచంలోని ఇనుమంతా ఒకే కుండ. కెమిస్టు లెక్కలో హీట్‌కో కుండ. పైగా ఉక్కు గడ్డకట్టగానే ఈ కుండ మాయమైపోతుంది. దాంట్లోని 150 టన్నులు బిల్లెట్లనే దిమ్మెలై, కడ్డీలై, కట్టలై నాలుగు రాష్ట్రాలకు చెదిరిపోతాయి. మాయమైన కుండ అంచును మళ్ళీ గీసి చూపించేది ఆ నంబరొక్కటే.

ఆ అంచు కూడా అంత ఖచ్చితమైనదేం కాదు. కంటిన్యువస్ కాస్టింగ్‌లో ఒక లాడిల్ ఖాళీ అవుతుండగానే ఇంకోటి పోస్తారు. మధ్యలో ఉండే టండిష్ అనే తొట్టిలో ముందు హీట్ తోక, వెనక హీట్ తల కలిసిపోతాయి. ఆ కలిసిన భాగం ఎవరిది? ద్రవానికి సరిహద్దులు తెలియవు. అందుకని ఎక్కడో ఒకచోట గీత గీసి ఇవతలిది ఇది, అవతలిది అది అని నిర్ణయిస్తారు. రెండూ వేర్వేరు గ్రేడ్లైతే ఆ కలగాపులగం ముక్కను పక్కకు తీసేస్తారు.

నంబరు ఎక్కడ ఉంటుందన్నది ఇంకా తమాషా. ఉక్కులో మాత్రం ఉండదు. టీఎంటీ కడ్డీని అడ్డంగా కోసి, మెరుగుపెట్టి, ఆమ్లం రాసి చూస్తే బయట గట్టి వలయం, లోపల మెత్తటి గుండె కనిపిస్తాయి. పుట్టిన హీట్ ఏదో కనిపించదు. ఒకే గ్రేడ్‌లోని రెండు హీట్ల ముక్కల్ని కలిపేస్తే విడదీయడం ఒక్కోసారి ల్యాబ్‌కూ సాధ్యం కాదు. పేరు ఉండేది బిల్లెట్ చివర కొట్టిన అంకెల్లో, కట్టకు వేలాడే రేకు ట్యాగులో, సరుకుతో పాటు వచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో. బాయిలర్లు, ప్రెజర్ వెసెల్స్ చేసే షాపుల్లో ప్లేటును కోసే ముందే దాని మీది హీట్ నంబరును రెండో ముక్క మీద కూడా పంచ్ చేస్తారు. ఇన్‌స్పెక్టర్ చూసి తన ముద్ర కొట్టాకే గ్యాస్ కటింగ్. ఎవరో తొందరపడి ముందే కోసేస్తే? నంబరు లేని ముక్క ఎంత మేలిరకమైనా ఆ పనికి చెల్లదు. లోహంలో ఒక్క అణువు మారలేదు, పేరు పోయింది, తుక్కయింది.

నిప్పులో పడ్డ వస్తువు ఏమవుతుందన్నదాని మీద న్యాయ, వైశేషిక పండితులు తరతరాలు వాదులాడుకున్నారు. కుమ్మరి ఆవంలో పెట్టిన పచ్చికుండ ఎర్రబడి బయటికొచ్చింది. ఇది ఆ కుండేనా? కాదంటారు వైశేషికులు. వేడి ప్రతి పరమాణువుకూ తగలాలంటే కుండ పరమాణువులుగా విడిపోవాలి, అవి రంగు మార్చుకుని మళ్ళీ కలవాలి. అదంతా కంటికి అందనంత వేగంగా జరుగుతుంది కాబట్టి మనకు పాత కుండలా కనిపిస్తుంది. దీన్ని పీలుపాకవాదం అన్నారు. నైయాయికులది పిఠరపాకవాదం. కుండ కుండలాగే ఉండి కాలుతుంది, సన్నటి రంధ్రాల్లోంచి అగ్ని లోపలికి పోతుంది, లేకపోతే దీన్ని చూసి ‘నా కుండే’ అని ఎలా గుర్తుపడతాం అని వాళ్ళ ప్రశ్న. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహాన్ని, దాని మీద ఆయనే రాసుకున్న దీపికను చదువుకున్నవాళ్ళకు ఈ గొడవ పరిచయమే. బంగారం లాంటి లోహాల్ని న్యాయ, వైశేషికులు తేజస్సులో, అంటే అగ్ని ద్రవ్యంలో చేర్చి, పాకం వల్ల గుణాలు మారడం పృథివికే, అంటే మట్టికే పరిమితమన్నారు. కాబట్టి ఉక్కును ఈ తగవులోకి లాగడం వాళ్ళు ఒప్పుకోని పని. లాగడానికి తగినంత కారణం మాత్రం ఉంది.

కొలిమిలో 1600 డిగ్రీల దగ్గర కారు తలుపు, పడవ లంగరు, ఆసుపత్రి మంచం ఏదైనా ఒకటే ద్రవం. ఇక్కడ పీలుపాకవాదులదే గెలుపనిపిస్తుంది. కానీ కొలిమి అన్నిటినీ సమానంగా చూడదు. సిలికాన్, మాంగనీసు వంటివి ఆక్సిజన్‌తో కలిసి స్లాగ్ అనే చిట్టెంలోకి పోతాయి. జింకు ఆవిరై ధూళిలో చేరుతుంది. 1998 మేలో స్పెయిన్‌లోని అల్హెసిరాస్ దగ్గర ఒక స్టీల్ ప్లాంట్‌లో సీజియం-137 తుక్కుతో పాటు కరిగిపోయింది. అది ఉక్కులో నిలవలేదు. ఆవిరై చిమ్నీ దారి పట్టింది, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ గాలిలో దాని ఆనవాళ్ళు పట్టుబడ్డాయి. హువారెస్ కోబాల్ట్ అలా పోలేదు. కోబాల్ట్ గుణం ఇనుముకు దగ్గర, అది ఇనుమునే అంటిపెట్టుకుంటుంది.

రాగి మరీ మొండిది. పాత కారును నుగ్గు చేసినప్పుడు మోటార్లలోని రాగి తీగ కొంత ఉక్కు తుక్కులోనే ఉండిపోతుంది. ఆక్సిజన్‌తో కలవడానికి రాగి కంటే ఇనుముకే ఆత్రం ఎక్కువ. రాగిని కాల్చి వెళ్ళగొట్టాలంటే ముందు ఇనుమంతా కాలిపోవాలి. కరిగించిన ప్రతిసారీ పాత రాగి అలాగే ఉండి, కొత్తది వచ్చి చేరుతుంది. అది మోతాదు మించితే వేడి మీద రోలింగ్ చేసేటప్పుడు ఉక్కు పైపొర పగుళ్ళిస్తుంది. కారు బాడీకి వాడే పలుచని రేకులో రాగి 0.06 శాతం లోపే ఉండాలి, ఇంటి కడ్డీ 0.4 శాతం దాకా ఓర్చుకుంటుంది. అందుకే కారు మరుజన్మలో కడ్డీ అవుతుంది; కడ్డీ మళ్ళీ కారవడం చాలా కష్టం. వాసనలు జన్మ మారినా వదలవని చెప్పిన పెద్దలు ఈ స్పెక్ట్రోమీటర్ రీడింగులు చూస్తే ముచ్చటపడేవారు.

లోహం కాలాన్ని కూడా దాచుకుంటుంది. 1945 తర్వాత అణుపరీక్షల వల్ల గాలిలో కలిసిన రేడియోధార్మిక కణాలు, కొలిమిలోకి ఊదే గాలితో పాటు ఉక్కులోకీ చేరాయి. అతి సున్నితమైన రేడియేషన్ కొలతలకు అంతకు ముందటి ఉక్కు కావలసి వచ్చింది. 1919 జూన్ 21న స్కాట్లాండ్‌కు ఉత్తరాన స్కాపా ఫ్లోలో జర్మన్ నావికులు తమ నౌకాదళాన్ని తామే ముంచేశారు. ఆ ఓడల ఉక్కు, మునిగిపోయిన పుణ్యాన పవిత్రంగా మిగిలి, ల్యాబ్‌లకు పనికొచ్చింది.

అయితే లోహపు జ్ఞాపకంలో పెద్ద లోటుంది. ఏం జరిగిందో అది చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు.

బౌద్ధుల క్షణికవాదం మీద మిగతా దర్శనాలు ఎక్కుపెట్టిన ఆక్షేపణ సరిగ్గా ఇక్కడే తగులుతుంది. ప్రతిదీ క్షణక్షణం నశించి కొత్తగా పుడుతుంటే, చేసినవాడు ఫలం అనుభవించకుండానే పోతాడు, అది కృతనాశం. చెయ్యనివాడి నెత్తిన ఫలం పడుతుంది, అది అకృతాభ్యాగమం. బౌద్ధుల జవాబు మిలిందపన్హలో నాగసేనుడి దీపంలో ఉంది. తొలిజాములో వెలిగిన మంట, చివరిజాములో వెలిగే మంట ఒకటీ కాదు, వేరూ కాదు; ఒకదాన్నుంచి ఒకటి తెగకుండా వచ్చిన సంతానం. హీట్ నంబరు ఈ సంగతిలో అచ్చమైన బౌద్ధం. అందులో మారని పదార్థం ఏదీ లేదు, తెగని వరుస మాత్రమే ఉంది. తేడా ఒక్కటే. నాగసేనుడి దీపం తనంతట తాను వెలుగుతూ పోతుంది. ఉక్కు విషయంలో ప్రతి కోత దగ్గరా ఎవరో ఒకరు పంచ్ పట్టుకుని నిలబడాలి.

వరుస తెగితే ఏమవుతుందో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారు చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న గామా సెల్ అనే రేడియేషన్ యంత్రాన్ని ఆ ఫిబ్రవరిలో వేలం వేశారు. కొన్నవాళ్ళు దాన్ని విప్పారు. లోపల కోబాల్ట్-60. అక్కడ పనిచేసే ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు చర్మం కాలి, జుట్టు రాలి ఆసుపత్రి పాలయ్యారు. మొదట కొన్న పరిశోధకులెవరు, మూల పడేసిన వాళ్ళెవరు, వేలం కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళెవరు, చచ్చిపోయిందెవరు? అకృతాభ్యాగమానికి ఇంతకంటే పచ్చి ఉదాహరణ తర్క గ్రంథాల్లో దొరకదు. 2008లో ఫ్రాన్స్‌లో ఇంకోలా జరిగింది. లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 బయటపడితే, సరఫరా కాగితాలు పట్టుకుని వెనక్కి నడిచి మహారాష్ట్రలోని ఒక ఫౌండ్రీ దాకా రాగలిగారు.

ఢిల్లీలో సంతకం పెట్టినవాళ్ళకు దురుద్దేశం ఉందని ఎవరూ అనలేదు. మరి పాపం ఎలా అంటుతుంది? ఈ వాదన మజ్ఝిమనికాయలోని ఉపాలి సుత్తంలో బుద్ధుడికీ, మహావీరుడి అనుచరులకూ మధ్య జరిగింది. మనసులోని సంకల్పానిదే ప్రధాన బాధ్యత అన్నది బుద్ధుడి పక్షం. శరీరం చేసిన పనే బరువైనదన్నది జైనుల పక్షం. తెలియక చేసిన హింస కూడా అంటుకుంటుందని వాళ్ళు గట్టిగా నమ్మారు. క్రిమినల్ కోర్టులు ఎక్కువగా బుద్ధుడి వెంట నడుస్తాయి. ఫ్యాక్టరీలోని క్వాలిటీ విభాగం మాత్రం జైన మతంలో ఉంది. నంబరు కలగలిసిన బిల్లెట్‌ను పక్కన పెట్టేటప్పుడు క్రేన్ ఆపరేటర్ మనసులో ఏముందని అక్కడ ఎవరూ అడగరు. ఈ కాఠిన్యం సబబేననిపిస్తుంది. ప్లేటు పగిలే చోట నిలబడ్డవాడికి ఎదుటివాడి సదుద్దేశం కవచం కాదు.

ఇక సర్టిఫికెట్ సంగతి. కొనేవాడు లాడిల్ చూడలేదు, స్పెక్ట్రోమీటర్ చూడలేదు. అతని దగ్గరున్నది ఒక మాట. న్యాయ దర్శనంలో అది శబ్ద ప్రమాణం, ఆప్తుడి మాట. ఆప్తుడంటే ఎవరు? విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనే కోరిక ఉన్నవాడని వాత్స్యాయనుడి వివరణ. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయన తన న్యాయభాష్యంలో అన్నాడు. పుట్టుకతో పని లేదన్నమాట.

1963 ఏప్రిల్ 10న అమెరికా సబ్‌మెరైన్ థ్రెషర్ అట్లాంటిక్‌లో 129 మందితో మునిగిపోయింది. పైపు అతుకు ఒకటి విడిపోయి ఉంటుందని విచారణ తేల్చింది. ఆ చావుల్లోంచి సబ్‌సేఫ్ అనే కట్టుబాటు పుట్టింది. నీటి ఒత్తిడిని ఆపే ప్రతి భాగానికీ అది ఏ లోహమో, ఎవరు పరీక్షించారో కాగితం మీద రుజువు ఉండాలి. అలాంటి సబ్‌మెరైన్ల కోసం పోతపోసే ఒక ఫౌండ్రీ వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో ఉంది. 1985 నుంచి 2017 వరకు అక్కడి మెటలర్జీ అధికారి పరీక్ష అంకెల్ని మార్చి రాస్తూ వచ్చినట్టు కోర్టులో ఒప్పుకోలు జరిగింది. మార్చినవి 240 హీట్లకు పైమాటే, ఆ ఫౌండ్రీ నేవీకి పోసినవాటిలో సుమారు సగం. సున్నాకు 73 డిగ్రీల కింద సుత్తిదెబ్బ పరీక్ష పెట్టడం అర్థం లేని నియమమని ఆ అధికారి అభిప్రాయం. 2022 ఫిబ్రవరిలో రెండున్నరేళ్ళ జైలుశిక్ష పడింది.

వాత్స్యాయనుడి రెండు షరతుల్లో మొదటిది ఇక్కడ పుష్కలంగా ఉంది. ఆ లోహం గురించి ఆ అధికారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. లోపించింది రెండోది. చిక్కు ప్రశ్న వేరే ఉంది. ఆ పోతల వల్ల ఒక్క సబ్‌మెరైన్ కూడా మునగలేదు, ఎవరికీ గాయం కాలేదు. మరి జరిగిన హాని ఏమిటి? బహుశా నియమం నిజంగానే అతి జాగ్రత్తేమో. అయినా ఆ పోతలన్నీ ఒక్కరోజులో ‘తెలిసినవి’ నుంచి ‘తెలియనివి’గా మారిపోయాయి. సబ్‌మెరైన్ పొట్టలో బిగించిన పోతను కోసి మళ్ళీ పరీక్షించలేరు. వాటిని భద్రంగా నడపడానికి నేవీ ఏళ్ళ తరబడి అదనపు తనిఖీలు, ఖర్చు మోయాల్సి వచ్చింది. 2017లో జపాన్‌లోని కోబే స్టీల్ అల్యూమినియం, రాగి, కొంత ఉక్కు సరుకులో అంకెలు మార్చినట్టు ఒప్పుకున్నప్పుడూ ఐదు వందలకు పైగా కంపెనీలు ఇదే స్థితిలో పడ్డాయి.

సర్టిఫికెట్లు లేని కాలంలో కొనేవాడు ప్రత్యక్ష ప్రమాణాన్నే నమ్ముకున్నాడు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం మూసల్లో తీసిన ఉక్కుకు పేరు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడికి వెళ్ళిన వాయిసీ అనే ఆంగ్లేయుడు, పర్షియా నుంచి వచ్చిన వర్తకుడు మూసల పక్కనే ఉండి పాళ్ళు తూయించి, తయారైన ముద్దను తానే పరీక్షించుకోవడం చూసి రాశాడు. ఒక మూస, ఒక ముద్ద. హీటూ కుండా అక్కడ ఒక్కటే. ఇలాంటి ముద్దలతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలల చారలకు వనాడియం వంటి మూలకాల అత్యల్ప జాడలే కారణమని 1990ల్లో జాన్ వెర్‌హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే చూపించారు. కత్తికి అందం తెచ్చింది మలినమే. అలాంటి ఖనిజం దొరకడం ఆగిపోతే విద్య కూడా ఆగిపోయి ఉండవచ్చని వాళ్ళ ఊహ. ఏ గుట్ట రాయి ఏ ముద్దకు వెళ్ళిందో ఆ కమ్మరులు రాసి పెట్టుకుని ఉంటే వనాడియం పేరు తెలియకపోయినా పని జరిగేది.

ఇప్పుడు జాడ పట్టే పని లోహం దాటి పొగ దాకా వచ్చింది. 2026 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్‌కు వెళ్ళే ఉక్కు మీద, దాని తయారీలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి సుంకం లెక్క మొదలైంది. డిజిటల్ పాస్‌పోర్ట్ ఇవ్వాల్సిన సరుకుల వరుసలో కూడా అక్కడ ఇనుము, ఉక్కు ముందున్నాయి. పొగ లోహంలో ఏ గుర్తూ వదలదు. ఏ స్పెక్ట్రోమీటరూ దాన్ని చదవలేదు. పూర్తిగా శబ్ద ప్రమాణమే దిక్కు. బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ ఉక్కు కారై, తిరిగి, తుక్కై మళ్ళీ కొలిమిలోకి వచ్చినప్పుడు, ఈ సుంకం లెక్కలో దాని పాత పొగ సున్నా. రాగి పుస్తకంలో అదే తుక్కుకు పూర్వజన్మ పూర్తిగా లెక్కకొస్తుంది, పొగ పుస్తకంలో కొట్టివేత. ఒకరు పిఠరపాకం, ఇంకొకరు పీలుపాకం నమ్ముతున్నట్టుంది. దీని మీద ఒక చిక్కు వాదన కూడా నడుస్తోంది. రేకులోంచి కారు తలుపు కత్తిరించగా మిగిలిన అంచు ముక్కలు ఫ్యాక్టరీ గేటు దాటకుండానే తుక్కు కుప్పలో చేరతాయి. పదేళ్ళు రోడ్డు మీద తిరిగొచ్చిన కారు తుక్కుకు ఇచ్చిన సున్నాను, ఒక్కరోజు కూడా ఎవరికీ ఉపయోగపడని ఆ అంచుకూ ఇవ్వాలా వద్దా అని.